కాలందని బండి

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. కొన్న బండి మాత్రం కొండలెక్కే రకం. ఎత్తయిన సీటు, వెనక రెండు వైపులా అల్యూమినియం పెట్టెలు. షోరూములో స్టాండు మీద ఉండగా ఎక్కి, అద్దంలో చూసుకుని మురిసిపోయాను. స్టాండు తీశాక తెలిసింది, బొటనవేళ్లు తప్ప ఏమీ నేలకు ఆనడం లేదని. అప్పటికే బండికి దండ వేసేశారు.

మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది. "ఒక్కసారి పడేసినావంటే మర్నాడే అమ్మీడమే బావా."

మొదటి ఆదివారం ఒక్కణ్ణే ఎచ్చెర్ల నుంచి సముద్రం ఒడ్డున ఉన్న మా అత్త ఊరికి బయల్దేరాను. అత్త అంటే మా ఆవిడ తల్లి, నాకు సొంత మేనత్త. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచివెళ్లి అమ్ముతుంది. అబ్బ, ఏం బండి! గతుకులు ఉన్నట్టే తెలియలేదు. ప్రహరీల మీంచి అందరి పెరళ్లూ కనిపిస్తున్నాయి. నలభై ఏళ్లలో మొదటిసారి పొడుగువాడిగా బతికాను.

చిక్కల్లా ఒకటే, ఆగకూడదు. ఒకచోట మేకలు అడ్డమొస్తే, అవి దాటేదాకా టీకొట్టు చుట్టూ ప్రదక్షిణలు చేశాను.

అత్త వీధి మొదట్లోనే పసుపునీళ్ల చెంబుతో నిలబడి ఉంది. కొత్త పడవైనా, కొత్త బండైనా ఆ నీళ్లు పడందే అక్కడ ముందుకు కదలనివ్వరు.

"ఆగరా!"

"ఆగనేనత్తా!"

అత్తను దాటేసి నేరుగా ఇసుకలోకి పోయాను. చక్రం దిగబడింది. బండి ఎంతో మర్యాదగా, మెల్లగా పక్కకు ఒరిగింది. నేనూ దాని పక్కనే పడుకున్నాను.

"కాళ్లందవేట్రా?" అంది అత్త, పైనుంచి చూస్తూ.

నాకు ఏడుపొచ్చింది. దెబ్బకి కాదు, బండి పోతుందని. "నీ కూతురికి సెప్పకత్తా" అని బతిమాలుకున్నాను.

అత్త కేకేస్తే వలలు అల్లుకుంటున్న ఆరుగురు లేచి వచ్చారు. పడవను ఒడ్డుకు లాగినట్టే "హైలెస్సా" అంటూ బండిని నిలబెట్టారు. అత్త పసుపునీళ్లు చల్లి, అల్యూమినియం పెట్టెలు తెరిచి లోపలికి తొంగిచూసింది.

"ఐసు బాగా ఆగుతాది. ఆదోరం ఆదోరం నన్ను సంతకి దింపు. దానికి సెప్పన్లే."

అలా ఆదివారాలు అత్తను సంతకి దింపుతూ, నెల తర్వాత మా ఆవిణ్ణి ఎక్కించుకుని బొబ్బిలి బయల్దేరాను. గరివిడి దగ్గర రైలు గేటు పడింది. ఇక ఆగక తప్పదు. బండి ఆగీ ఆగకముందే ఆవిడ వెనకనుంచి దిగిపోయి, రెండు చేతులతో సీటు వెనక కమ్మీ బిగించి పట్టుకుంది. రైలు వెళ్లేదాకా వదల్లేదు.

"నీకు తెలుసేటి?" అన్నాను.

"పడ్డరోజే సెప్పీసింది మా యమ్మ."

"మరి అమ్మీమన్నేదే?"

"మా యమ్మ తలమీద బుట్ట దిగింది ఈ బండొచ్చినాకే కదా బావా" అంది. అంటూ అంటూనే కొంగుతో కళ్లొత్తుకుని, వెంటనే గదమాయించింది. "గేటు తీసినారు. పోయి ఆ అవతల గట్టుమీద కాలానించి ఆగు, నాను నడిసొస్తాను."