మోట తాడు

నిజాం కాలం. నేను కామారెడ్డికి కోడలిగా వచ్చిన ఏడాది జాతరలో ఒకాయన, వేడి పొగ నింపిన పెద్ద గుడ్డ బుడగలో మనుషుల్ని పైకి పంపి, తాడుతో కిందికి లాగేవాడు. తాడు చాలక మా బావి మోట తాడు అడిగాడు.

"రెండెడ్లు గుంజినా తెగలే. ముందు నేనే ఎక్కుత" అన్నాడు నా భర్త.

ఆ తాడు ఒకచోట సగానికి అరిగిపోవడం నేను చూశాను. అత్తమామల ముందు భర్తతో మాట్లాడే ఆచారం లేదు. ఊరుకున్నాను.

నా భర్త పైకెళ్ళాక తాడు ఆ అరిగినచోటే తెగింది. బుడగ గాలికి కొట్టుకుపోయి చేలలో కూలింది. ఆయన బతకలేదు.

పంచనామాకు వచ్చిన పోలీసు అమీను, "తాడు మంచిగనే ఉండెనా?" అని మామను అడిగాడు.

"మంచిగనే ఉండె, సాబ్."

తలుపు వెనకే ఉన్నాను. గాలిదే తప్పని రాసుకుపోయాడు.

ఇప్పుడు ఎవరి ముందైనా మాట్లాడగలను. ఇంట్లో వినడానికి ఎవరూ మిగల్లేదు. అందుకే ఇది చదివే మీకు రాస్తున్నాను.