మౌలమ్మ అడిగిన సాక్షులు

తిరువూరులో ముస్లిం ఆడవాళ్ళెవరు చనిపోయినా మొదటి కబురు మౌలమ్మకే వెళ్ళేది. శవానికి ఆఖరి స్నానం చేయించడం ఆవిడ పని. దాన్ని గుసుల్ అంటారు. పెళ్ళికి పిలవని ఇళ్ళవాళ్ళు కూడా చావుకు పరుగున వచ్చి పిలిచేవాళ్ళు. మౌలమ్మది దూదేకుల కులం. భర్త బందగీ సాహెబు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అందుకే ఉర్దూ మాట్లాడే పెద్దింటి సాయిబులు ఆవిడకు వాకిట్లో చాప వేసేవారు గాని లోపలికి రమ్మనేవారు కాదు. నమాజులో అందరూ ఒకే వరసలో భుజం భుజం ఆనించి నిలబడతారు కదా, ఇంటికి రాగానే ఈ వరసలెక్కడివని మౌలమ్మ భర్తతో చాలాసార్లు అంది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోరు తక్కువ మనిషి.

డెబ్బై నాలుగు వేసవిలో బెజవాడ నుంచి ఒక మౌల్వీ వచ్చి మసీదులో కొన్నాళ్ళున్నాడు. విశ్వాసం నోటితో పలికేది కాదనీ, నడవడిలో కనపడాలనీ, ముస్లిములు బతికే తీరు చూసే పక్కింటివాళ్ళు ఇస్లాం అంటే ఏమిటో తెలుసుకోవాలనీ చెప్పాడు. మంచి మాటలే. ఆయన బస్సెక్కాడో లేదో, ఖుద్దూస్ సాహెబు ఒక కమిటీ వేశాడు. మామిడి తోటలు కౌలుకు తీసుకుని కాయలు ఎగుమతి చేసే ఖుద్దూస్ సాహెబు అప్పటికే మసీదుకు పెద్ద. ఊళ్ళో ముస్లిముల నడవడి బాగుచేయడానికని పెట్టిన ఆ కమిటీ కూలీలను బూతులు తిట్టే యజమానుల జోలికి పోలేదు. అక్కచెల్లెళ్ళ వాటా ఎగ్గొట్టిన అన్నదమ్ముల జోలికీ పోలేదు. దూదేకుల ఆడవాళ్ళ చీరకట్టు మీద పడింది. నెమలి ఊరి గుడి తిరునాళ్ళలో దిండ్లు అమ్ముకొచ్చిన బందగీ సాహెబును పిలిచి నిలబెట్టి చీవాట్లు పెట్టింది.

"బాగుచేసుకోడానికి వాళ్ళకి మనమే దొరికామా?" అని ఆ రోజు మౌలమ్మ మండిపడింది.

"పోనీలేవే, పెద్దోళ్ళు," అన్నాడు బందగీ సాహెబు.

మౌలమ్మ ఇంటి వెనక వీధిలో జైతూన్‌బీ ఉండేది. ముప్ఫై ఏళ్ళు నిండలేదు. మొగుడు పాము కరిచి పోయాడు. చూపు ఆనని అత్తను పెట్టుకుని, కాయల కాలంలో మామిడి తోటల్లో కాయలు ఏరి గంపలకు సర్దే పనికి వెళ్ళేది. అంతకుముందు ఖుద్దూస్ సాహెబు తోటలోనే చేసేది. ఆ ఏడు అది మాని, రెడ్డిగూడెంలో దశరథరామయ్య గారి తోటలో చేరింది. అక్కడ పొద్దుండగానే వదిలేస్తారు, తిట్టరు. ఆమె మారడానికి అంతకు మించి కారణం లేదు. ఖుద్దూస్ సాహెబుకు మాత్రం అది తలవంపుగా తోచింది.

ఒక సాయంత్రం జైతూన్ వచ్చే బస్సు విస్సన్నపేట దాటాక చెడిపోయింది. వెనకే వస్తున్న తోట లారీని గుమస్తా సుందరరాజు ఆపించి, జైతూన్‌నీ ఆమెతో పనిచేసే జ్ఞానమణినీ ఎక్కించుకున్నాడు. జ్ఞానమణి ముందుగా చర్చి దగ్గర దిగిపోయింది. జైతూన్ మసీదు మలుపులో దిగింది. దీపాలు పెట్టే వేళ. నమాజు ముగించుకుని మసీదు వరండాలో కూర్చున్న ఖుద్దూస్ సాహెబు ఆమె లారీ దిగడం చూశాడు.

చూసింది అంతే. చెప్పింది వేరు. ఆ మనిషి గుమస్తాతో తిరుగుతోందనీ, తన తోట వదిలి ఆ తోటకు పోయింది అందుకేననీ వరండాలో నలుగురి ముందూ అన్నాడు. ఆ మాట వీధి చివరికి వెళ్ళేసరికి దానికి తోటలో ఒక పాక, పాకలో ఒక మంచం కూడా వచ్చి చేరాయి. కమిటీ కూర్చుంది. జైతూన్‌ను పిలవకుండానే తీర్పు చెప్పింది. ఎవరూ ఆమెకు సలాం చెప్పకూడదు, ఆమె తప్పొప్పుకుని తౌబా చేసుకునేదాకా మసీదు బావిలో నీళ్ళు తోడనివ్వకూడదు.

ఆ వీధులకు తియ్యనీళ్ళ బావి అదొక్కటే. మర్నాడు పొద్దున మౌలమ్మ కళ్ళముందే ఒకావిడ జైతూన్ చేతిలోంచి చేద లాక్కుంది. జైతూన్ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. మౌలమ్మ తన నిండు బిందె ఆమె ఇంటికి మోసుకెళ్ళి దించింది.

"పెద్దమ్మా, మీకెందుకు? మీ మీద కూడా పడతారు," అంది జైతూన్.

"పడనీ. నువ్వు తప్పు చేశావా?"

"లేదు."

"మరి తౌబా ఎందుకు? దేనికి?" అంది మౌలమ్మ. అడిగింది జైతూన్‌ను కాదు. ఆవిడ అక్కణ్ణుంచి నేరుగా ఇమాం యాకూబ్ హజరత్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కమిటీ ఇచ్చే జీతం మీద బతికే బీదవాడు, చెడ్డవాడు కాదు.

"హజరత్, ఆడమనిషి మీద ఇట్టాంటి మాట అంటే మన మతంలో ఏముందండీ?"

ఆయన తల దించుకుని చెప్పాడు. "నలుగురు సాక్షుల్ని తేవాలమ్మా. కళ్ళారా చూసినవాళ్ళని. తేలేకపోతే ఆ అన్నవాడికి కొరడా దెబ్బలు. ఆపైన వాడి సాక్ష్యం ఎన్నటికీ చెల్లదు. ఖురాన్లో ఉంది."

"ఉంటే జుమ్మా రోజున చెప్పరేం?"

"చెప్పానమ్మా, పోయిన వారం."

"ఏ భాషలో చెప్పారు?"

"ఉర్దూలోనే."

"అదే మరి. మా వీధి మగాళ్ళు ఏమీ అర్థంగాక తలలూపి వచ్చుంటారు. లారీ మాట మాత్రం అందరికీ తెలుగులోనే అర్థమయింది," అని మౌలమ్మ లేచి వచ్చేసింది. జ్ఞానమణి కూడా తనంత తాను వచ్చి, బస్సు చెడిన సంగతి కమిటీ ముందు చెబుతానంది. కమిటీవాళ్ళు ఆమెను గడప ఎక్కనివ్వలేదు.

ఆ తర్వాతి శుక్రవారం ఇమాం తెలుగులో మాట్లాడాడు. ఇతరుల గురించి చెడు మాట్లాడకండి అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. ముందు వరసలో ఉన్న ఖుద్దూస్ సాహెబు, చాలా బాగా చెప్పారని మెచ్చుకున్నాడు. బందగీ సాహెబు ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే మౌలమ్మకు ఆ పూట అన్నం సయించలేదు.

ఎండలు ఇంకా ముదిరాక ఖుద్దూస్ సాహెబు తల్లి రహీమున్నీసా బేగం కాలం చేసింది. మౌలమ్మకు కబురొచ్చింది.

"వెళ్తావా?" అని భయంగా అడిగాడు బందగీ సాహెబు. ఆవిడ వెళ్ళనంటుందని కొంతా, వెళ్ళి ఏమంటుందోనని కొంతా అతని భయం.

"ఆ ముసలమ్మ నాకేం చేసింది? వెళ్తాను."

రేగాకు వేసి కాచిన నీళ్ళు తెచ్చారు. ఆ రోజు మాత్రం చాప వెయ్యలేదు, లోపలికే తీసుకెళ్ళారు. మౌలమ్మ శవం మీద దుప్పటి తొలగనివ్వకుండా, కుడివైపు నుంచి మొదలుపెట్టి, నిద్రపోతున్న మనిషికి పోసినట్టు మెల్లగా నీళ్ళు పోసింది. ముసలమ్మ వీపు మీద, తొడల మీద పుండ్లు. ఎన్నాళ్ళుగానో మంచం మీద పక్క మార్చేవాళ్ళు లేక పడ్డ పుండ్లు. సాయానికి నిలబడ్డ కోడలు అటు తిరిగింది. మౌలమ్మ వాటిని తుడిచి, దూది పెట్టి, కర్పూరం నీళ్ళు పోసి కఫన్ గుడ్డ చుట్టింది. శవం మీద చూసినదేదీ బయట చెప్పకూడదనేది గుసుల్ చేయించేవాళ్ళ నియమం. ఇన్నేళ్ళలో వాతలు చూసింది, విరిగిన ఎముకలు చూసింది, ఏ ఇంటి సంగతీ మరో ఇంట్లో చెప్పలేదు.

శవాన్ని ఉంచిన జనాజా వాకిట్లోకి తెచ్చారు. మగవాళ్ళంతా నిలబడ్డారు, ఆడవాళ్ళు గడప దగ్గర. శవాన్ని ఎత్తే ముందు కొడుకు అందరి క్షమాపణ అడగడం ఆనవాయితీ. ఖుద్దూస్ సాహెబు కళ్ళు తుడుచుకుని, "మా అమ్మ వల్ల ఎవరికన్నా నొప్పి కలిగుంటే దయచేసి మాఫ్ చెయ్యండి," అన్నాడు.

"చేశాం," అన్నారందరూ.

"ఆవిడ ఎవర్నీ నొప్పించింది లేదు," అంది మౌలమ్మ గడప దగ్గర నుంచి. "మాఫీ అడగాల్సింది ఆవిడ తరఫున కాదు సాయిబు గారూ. జైతూన్ మీద మీరన్న మాటకి సాక్షులేరీ?"

మగవాళ్ళంతా గడప వైపు తిరిగారు.

"మౌలమ్మా! ఇప్పుడా ఈ మాట?" అన్నాడు ఖుద్దూస్ సాహెబు. మొహం ఎర్రబడింది.

"ఇంకెప్పుడు? మీ కమిటీలో ఆడదాన్ని అడుగు పెట్టనివ్వరు. మసీదులో నాకు చోటు లేదు. మీరూ నేనూ ఒకచోట నిలబడేది చావు దగ్గరే. నలుగురు సాక్షులు లేకుండా అన్నవాడి మాట ఇక చెల్లదంట. నేనన్నది కాదు, అల్లా అన్నదంట."

"దూదేకులదానివి, నువ్వా మాకు మతం చెప్పేది?" అన్నారెవరో వెనక నుంచి.

మౌలమ్మ గొంతు పెరిగింది. "నేనేం చెప్పగల్ను? చదువులేనిదాన్ని. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళ గుట్టు చూశానో ఈ చేతులకి తెలుసు. ఈ పొద్దు కూడా చూశాను. చూసింది చెప్పకుండా నేను బతుకుతున్నాను. మీరు చూడంది చెప్పి ఒక మనిషికి నీళ్ళు లేకుండా చేశారు. ఇదేనా మీరు చూపించే ఇస్లాం?"

కోడలి ఏడుపు వినిపించింది. ఆమె ఎందుకు ఏడ్చిందో ఖుద్దూస్ సాహెబుకు తెలుసు.

"జనాజా ఆపను. ఎండలో పెద్దావిణ్ణి ఉంచకూడదు. తీసుకెళ్ళండి," అని మౌలమ్మ పక్కకు జరిగింది. ఇమాం యాకూబ్ అప్పుడు నోరు విప్పాడు. "ఆమె అడిగింది న్యాయమే. కితాబులో ఉన్నదే," అన్నాడు తెలుగులో, అందరికీ వినపడేలా.

ఆ సాయంత్రమే మౌలమ్మ జైతూన్‌ను వెంటబెట్టుకుని బావికి వెళ్ళింది. చేద లాక్కున్నావిడే పక్కకు తప్పుకుంది. ఇమాం తర్వాతి జుమ్మాలో ఆ వాక్యాలు అరబ్బీలో చదివి, ఒక్కో మాటకూ తెలుగు చెప్పాడు. నెల తిరక్కుండా కమిటీ ఆయన్ని పంపించేసింది. మూటాముల్లే సర్దుకుని మైలవరం బస్సెక్కుతూ, ముందే చెప్పి ఉండాల్సిందని మౌలమ్మతో అన్నాడు. ఆయన్ని అన్యాయంగా తోలేశారని ఆవిడ ఎంత తిట్టినా తిరువూరులో ఆపినవాళ్ళు లేరు.

రంజాన్ పండుగనాడు నమాజయ్యాక ఖుద్దూస్ సాహెబు వరండాలో నిలబడి, "నేను చూసింది ఆ అమ్మాయి లారీ దిగడం మాత్రమే. తతిమ్మాది చూడలేదు. అనకూడని మాట అన్నాను," అన్నాడు. జనం ఆయన్ని కావలించుకున్నారు. ఎంత పెద్దమనసు, తప్పొప్పుకోవాలంటే ఎంత గుండె కావాలి అని పండుగ రోజంతా ఊరు ఆయన్నే పొగిడింది.

బందగీ సాహెబు సంతోషంగా వచ్చి చెబితే మౌలమ్మ సేమ్యా గిన్నె ఠక్కున దించింది.

"ఆయన పెద్దమనసు సరే. చేద లాక్కున్నోళ్ళు, సలాం మానేసినోళ్ళు ఒక్కరన్నా జైతూన్ గుమ్మంలోకి వెళ్ళారా?"

"లేదు."

"మరి పొగడ్డమెందుకు?"

ఆవిడ సేమ్యా గిన్నె పట్టుకుని వెనక వీధికి నడిచింది. జైతూన్ అప్పటికే ఖుద్దూస్ సాహెబు అన్నది విని ఉంది. అత్తకు కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుతూ, "నాతో చెప్పలేదుగా పెద్దమ్మా," అంది. గొంతులో కోపం తగ్గలేదు. తగ్గించుకోమని మౌలమ్మ చెప్పలేదు.