మూడాసులతో తిరుమలగిరి దాకా

తొంభైల మొదట్లో ఒక దసరాకు నేను తిరుమలగిరి వెళ్లింది పండుగ కోసం కాదు, మా సడ్డకుడు కిష్టన్నను పేకాటలో ఓడించడానికి. కిష్టన్న అంటే నా భార్య అక్క భర్త. మా మామగారికి ఏ మాటకైనా ఆయనే గుర్తుకొస్తాడు. బావి తవ్వించాలన్నా, ఎడ్లు కొనాలన్నా "పెద్దల్లున్ని అడుగున్రి" అంటాడు. కిష్టన్న నిజంగా మంచివాడు. నా కడుపుమంటకు అసలు కారణం అదే. ఒక్కసారి, ఒక్క విషయంలోనైనా మామగారు నన్ను మెచ్చుకోవాలని పెళ్లయిన నాటినుంచి నా కోరిక.

భార్య ముందే వెళ్లిపోయింది కాబట్టి పండుగ మర్నాడు పొద్దున్నే గౌలిగూడ బస్టాండులో ఒక్కణ్నే బస్సెక్కాను. భువనగిరిలో ఆగినప్పుడు గుట్టమీది ఖిల్లాను చూస్తూ చాయ్ తాగాను. చూడదలచినవారు ఎండ ముదరకముందే ఎక్కాలి, నాకు మాత్రం ఆగే ఓపిక లేకపోయింది. మోత్కూరులో బస్సు మారాలి, అది రాకపోతే మూడు రూపాయలకు జీపెక్కాను. "జర జరుగున్రి సారూ, గీ జాగల ఇంకిద్దరు కూసుంటరు" అన్నాడు డ్రైవరు. "ఇప్పటికే ఊపిరాడ్తలేదు" అంటే, "తిరుమలగిరిల దిగినంక తీసుకోన్రి" అన్నాడు.

అత్తగారింటికి చేరి మటన్ తిన్నాక వసారాలో చాప పరిచారు. డబ్బులు వద్దని అత్తమ్మ తలా ఒక డబ్బాడు చింతగింజలు ఇచ్చింది. మామగారు, కిష్టన్న, నేను. మూడు ముక్కలాట. కిష్టన్న ముక్కలు చూడకుండానే ఆడతాడు, అలా ఆడేవాడు మనం వేసేదాంట్లో సగం వేస్తే చాలు.

నాలుగో ఆటలో ముక్కలు చూసుకున్నాను. మూడు ఆసులు! దాన్ని మించింది ఆటలో లేదు. వెంటనే రెట్టింపు వేయాలని మనసు లాగింది. అలా వేస్తే అందరూ ముక్కలు పడేస్తారు, నాకు నాలుగు గింజలు మిగులుతాయి. అందుకే తల గోక్కుంటూ, అనుమానంగా, తప్పనిసరైనంతే వేశాను. మామగారు తప్పుకున్నాడు. కిష్టన్న చూడకుండానే పెంచాడు. నేను నిట్టూర్చి వేశాను. మళ్లీ పెంచాడు. ముందు ఆటల్లోనే సగానికి పైగా పోయిన ఆయన డబ్బా చివరికి ఖాళీ అయింది.

"సూపియ్యి తమ్మీ" అన్నాడు.

చూపించాను. ఆయనవి రాణి, ఏడు, మూడు. "మూడాసులు పట్టుకొని గట్లెట్ల కూసున్నవ్?" అని నవ్వుతూ నా భుజం తట్టాడు. నేను మామగారి వైపు చూశాను.

"సూసిన్రా, పెద్దల్లుడు ముక్క సూడకుండ గంత దూరం వచ్చిండు. గుండె అంటే గది" అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి, "మూడాసులుంటె ఎవ్వడైనా గెలుస్తడు" అన్నాడు.

తిరుగు ప్రయాణమంతా నా భార్య మాట్లాడుతూనే ఉంది, నాకేమీ ఎక్కలేదు. గెలిచి కూడా అసూయపడటం నాకు అప్పుడే తెలిసింది. మామగారికి నా ఆట నచ్చక కాదు, ఆయన కళ్లు ముందునుంచీ కిష్టన్న మీదే ఉన్నాయి.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారికి ఒక్క సలహా. జత మాత్రమే వస్తే మొదట్లోనే పెంచి జనాన్ని తగ్గించండి. మూడాసులొస్తే, ఎదుటివాడు తనంతట తానే పెంచుతున్నంతసేపు నెమ్మదిగా వెంట నడవండి. ముఖ్యంగా, మామగారు చూడని చోట ఆడండి.