మూరెడు బండికి ఫోర్‌వీల్

ఆ రోజుల్లో పలాస నుంచి మందస వైపు వెళ్లే జీపుల్లో జనం కూర్చునేవారు కాదు, చెయ్యి ఎక్కడ దొరికితే అక్కడ వేలాడేవారు. అంత బరువు మోసిన జీపు ఏదో ఒకటి విరగ్గొట్టుకుని మా షెడ్డుకి రాక తప్పదు, వచ్చిన జీపుని నేను ముట్టుకోకా తప్పదు. ముట్టుకోవడం అంటే పెద్ద పని అనుకోకండి. విప్పిన సామాన్లు కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, పాత పేపరు మీద వరసగా పేర్చడం. తొమ్మిదేళ్లు అదే పని. షెడ్డులో నా పేరు కూడా కిరసనాయిలే. ముప్పై ఏళ్లు వచ్చాయి, నా తర్వాత చేరినవాళ్లు ఇద్దరు మేస్త్రీలై సొంత షెడ్లు పెట్టుకున్నారు, నేను మాత్రం డబ్బా పక్కన పీట మీదే ఉన్నాను. గేరుబాక్సు దించనివ్వమని అడిగితే మా మేస్త్రీ ఒకటే మాట అనేవాడు, అక్షరం ముక్క రానివాడికి పళ్లున్న సామాను ఇవ్వకూడదని. (నాకు అక్షరాలు నలభై ఏళ్లు దాటాక వచ్చాయి. వచ్చాక చూస్తే గేరుపళ్లకీ వాటికీ ఏ చుట్టరికమూ లేదు.)

నిజానికి నేను సముద్రం మీద ఉండాల్సినవాణ్ణి. మాది ఉద్దానం ఒడ్డున చేపలు పట్టే ఊరు. కానీ పడవ ఎక్కితే చాలు, కడుపులో ఉన్నదీ లేనిదీ బయటికి వచ్చేది. మూడేళ్లు చూసి మా నాన్న విసిగిపోయాడు, వీడు చేపలకి మేత వెయ్యడానికి తప్ప పట్టడానికి పనికిరాడని తేల్చేశాడు. అప్పుడు చేపల గంప మోసుకుని పలాస వీధులు తిరిగే మా అక్క, తన వాడుక ఇంటివాడైన మేస్త్రీని బతిమాలి నన్ను షెడ్డులో పడేసింది. అందుకని నేను పీట మీద కూర్చున్న ప్రతి ఏడూ దానికీ తలవంపే. గంప దించినప్పుడల్లా మేస్త్రీ భార్యని అడిగేదట, మా వాడికి ఇంకా పని రాలేదా అమ్మా అని.

అలాంటి రోజుల్లో జీడిపప్పు ఫ్యాక్టరీ షావుకారు ఒకడు అట్టపెట్టె చంకన పెట్టుకుని షెడ్డుకి వచ్చాడు. సింగపూరు ఓడల్లో పనిచేసే ఆయన బావమరిది ముక్కలు బిగించుకుని తయారుచేసుకునే పికప్ బండి బొమ్మ ఒకటి పంపాడు. పంపిన సంగతి మరిచిపోయి మళ్లీ అలాంటిదే ఇంకొకటి పంపాడు. బొమ్మ అంటే చిన్నతనం చేసినట్టు. మూరెడు పొడుగు, అసలు బండికి ఉన్నట్టే యాక్సిల్, స్ప్రింగులు, లోపల మోటారు, చేతిలో పెట్టె పట్టుకుని మీట నొక్కితే దూరం నుంచే నడుస్తుంది. షావుకారు ఒకటి బిగించుకుని తన తోటలో నడిపాడు. తార్రోడ్డు మీద లేడిలా పోయే బండి ఉద్దానం ఇసకలో వెనక చక్రాలు పూడిపోయి కూలబడుతోంది. ముందు చక్రాలకి మోటారు బలం లేదు కదా. జీపులకి ఫోర్‌వీల్ బాగుచేసేవాడివి, దీనికీ పెట్టి ఇయ్యవయ్యా, కార్తీకం వనభోజనాలకి దీన్ని సముద్రం ఒడ్డు దిబ్బ ఎక్కించి మా వాళ్లందరికీ చూపించాలి అన్నాడు.

మేస్త్రీ పెట్టెలో ఉన్న కాగితం విప్పి చాలాసేపు చూశాడు. అంతా ఇంగ్లీషు. మడిచి, ఇందులో మనకి తెలియనిది ఏమీ లేదని చెప్పి, పక్కన పెట్టేశాడు. బొమ్మ బండి దగ్గర ఓడిపోతే పరువు పోతుంది, ముట్టుకోకపోతే షావుకారు జీపులు వేరే షెడ్డుకి పోతాయి. ఆ ఇరకాటంలో ఉన్న మనిషిని చూసి, నా నోరు ఊరుకుంటుందా, నేను చేస్తాను అనేసింది. మేస్త్రీ నన్ను కిందా మీదా చూశాడు.

"ఒరే కిరసనాయిలూ, ఇది ఆ దిబ్బ ఎక్కిందనుకో, మర్నాడే గేరుబాక్సు నీ సేతికిత్తాను. ఎక్కలేదనుకో, నెత్తి నెరిసీదాకా ఆ ఊసు నాకాడ ఎత్తకు."

పది రోజులు గడువు. షావుకారు తను బిగించిన బండినీ, ముక్కలుగానే ఉన్న రెండోదాని పెట్టెనీ మాకు వదిలి వెళ్లాడు. రెండో పెట్టెలోని వెనక యాక్సిల్ తీసి మొదటి బండి ముందు పెట్టాలి, మధ్యలో మోటారు నుంచి యాక్సిల్‌ని తిప్పే షాఫ్టు కడ్డీ ఒకటి వెనక్కి పోతోంది కాబట్టి అదే షాఫ్టుని ముందుకీ సాగదియ్యాలి. సైకిలు పుల్ల కోసి, రెండు చివర్లకీ వాల్వు ట్యూబు తొడిగి సాగదీశాను. అక్కడిదాకా సుఖమే. ముందు చక్రాలు మోటారు బలంతో దొర్లాలి, మళ్లీ పక్కలకీ మళ్లాలి అంటే నా బుర్రకి మించిన పని. అంచేత మళ్లడం అన్నది తీసేశాను. దిబ్బ ఎదురుగా ఉంటుంది, బండి తిన్నగా పోతుంది, ఇక మలుపుతో పనేముంది? ఇంకొక చిక్కు మాత్రం నాలుగు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. వెనక యాక్సిల్ మూతి, అంటే షాఫ్టు వచ్చి దూరే చోటు, ముందుకి ఉంటుంది, బండి ముందుకి పోతుంది. అదే యాక్సిల్‌ని ముందు పెడితే షాఫ్టు అందాలి కాబట్టి దాని మూతి వెనక్కి తిప్పాలి. మూతి వెనక్కి తిరిగినది వెనక్కే నడుస్తుంది, అది గొడ్డుకైనా తెలుసు. ఆలోచించి ఆలోచించి, దాన్ని వెల్లకిలా తిరగేసి బిగించాను. అలా చేస్తే వెనక్కి నడిచేది ముందుకి నడుస్తుందని నా లెక్క. ఆ లెక్క తట్టినప్పుడు నా అంత తెలివైనవాడు శ్రీకాకుళం జిల్లాలో లేడనిపించింది.

షెడ్డు వెనక ఇసక కుప్ప మీద పెట్టి మీట నొక్కాను. వెనక చక్రాలు ముందుకి తిరిగాయి. ముందు చక్రాలు వెనక్కి తిరిగాయి. బండి ఎటూ కదలకుండా, ఉన్నచోటే అటూ ఇటూ ఇసక ఎగజిమ్ముతూ, పీత బొరియ తవ్వుకున్నట్టు తవ్వుకుని కడుపు వరకూ దిగిపోయింది. మేస్త్రీ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. కిరసనాయిలు డబ్బా నా వైపు కాలితో జరిపి లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆదివారం. బండినీ, మీట పెట్టెనీ తువ్వాల్లో చుట్టుకుని మందస బస్సెక్కి, దిగినచోటు నుంచి ఊరికి నడిచాను. ఎందుకు తీసుకెళ్లానో నాకే తెలియదు, బహుశా సముద్రంలో విసిరేద్దామనేమో. ఒడ్డున మా అక్క గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని పడవల కోసం చూస్తోంది. పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను. మూతి వెనక్కి తిరిగినది వెనక్కే నడుస్తుంది కదా, అందుకే తలకిందులు చేశాను, అయినా వెనక్కే తిరుగుతోంది అని వాపోయాను. అక్క బండి వంక చూడనైనా లేదు. ఎదురుగా అప్పుడే ఒడ్డుకి కొట్టిన పడవని మావాళ్లు పైకి లాగుతున్నారు. వెనక నలుగురు భుజాలు ఆనించి తోస్తున్నారు, ముందు నలుగురు మోకు పట్టుకుని లాగుతున్నారు. అక్క గడ్డంతో అటు చూపించింది.

"ముందరోళ్ల మొగం ఎటుందిరా?"

"పడవేపు."

"ఎటు నడుత్తన్నారు?"

చూశాను. మోకు బిగబట్టి, పడవకి ఎదురుగా మొహం పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఒడ్డెక్కుతున్నారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. మోకు పట్టి నేనూ లాగినదే.

"మొగం పడవేపు, నడక ఎనక్కి. అందుకే పడవ ముందుకొత్తంది. అందులో ఒకడైనా తలకిందులుగా నిలబడ్డాడేట్రా? ఉన్నోణ్ణి ఉన్నట్టు నిలబెట్టక, ఆణ్ణి శీర్షాసనం ఎయ్యించి పడవ లాగమంటే లాగుతాడా?"

అక్కడే గంప మీద పెట్టి నాలుగు మరలు విప్పి, వెల్లకిలా ఉన్నదాన్ని మామూలుగా కూర్చోబెట్టి బిగించాను. మూతి వెనక్కే. మీట నొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కమాట మీద కదిలాయి, బండి తడి ఇసక దాటి, పొడి ఇసక దాటి, పడవ లాగేవాళ్ల పక్కనుంచే పైకి పాకిపోయింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. మా అక్క ఇంతేనా అన్నట్టు చూసి, గంప తీసుకుని చేపల దగ్గరికి పోయింది. (ఎలా తట్టిందిరా అని తర్వాత మేస్త్రీ అడిగితే నుదురు వేలితో తట్టి చూపించాను. మా అక్క చదువుకోలేదు, ఇది చదవదు కాబట్టి ఇప్పుడు నిజం రాస్తున్నాను.)

వనభోజనాల నాడు షావుకారు చుట్టాలంతా సరుగుడు తోటలో దిగారు. దిబ్బకి అటువైపు మొదటి బంతి భోజనాలకి కూర్చున్నారు, ఇటువైపు మేమున్నాం. మీట నేనే నొక్కుతానని షావుకారు పట్టుబట్టాడు. బండి మొదలెట్టింది. సగం దిబ్బలో ఒక్క క్షణం ఆగి చక్రాలు గింజుకుంటే నా తొమ్మిదేళ్లూ అక్కడే ఆగి గింజుకున్నాయి. మళ్లీ పట్టు దొరికింది. ఎక్కింది. ఎక్కినదాన్ని ఆపాలన్న సంగతి షావుకారు సంతోషంలో మరిచిపోయాడు, మీట మీద వేలు అలాగే ఉంచి గంతులేస్తున్నాడు. మళ్లడం అన్నది నేను ముందే తీసేశాను కదా. మేం పరుగెత్తుకుంటూ దిబ్బ మీదికి చేరేసరికి బండి వరసగా ఏడెనిమిది విస్తళ్ల మీదుగా పులిహోర, పప్పు, పచ్చడి దున్నుకుంటూ పోయి షావుకారు తల్లి ముందు ఉన్న అన్నం కుప్పకి గుద్దుకుని ఆగింది. ఆ పెద్దామె బండిని నిదానంగా చూసి, వడ్డించేవాళ్లని పిలిచింది.

"ఆకలి మీదున్నట్టుంది. దీనికీ ఓ విత్తరెయ్యండి."

అప్పుడు నవ్వాడు మా మేస్త్రీ. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, నా వైపు చూడకుండానే రేపు పొద్దున్న మందస జీపు గేరుబాక్సు నువ్వు దించు అన్నాడు.

మర్నాడు దించాను. దించడం అంటే జీపు కింద వెల్లకిలా పడుకుని, మరలు విప్పి, దాన్ని గుండెల మీదికి దింపుకోవడం. ఊపిరాడలేదు. ఇంత బరువున్న పని కోసం షెడ్డులో ఎవరూ నాతో ఎందుకు పోటీ పడలేదో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎన్ని దించానో లెక్క పెట్టలేదు. ఇప్పుడు నా నడుము కుర్చీలోంచి లేవాలంటే రెండు దఫాలుగా లేస్తుంది, ఎడమ భుజం వాన వచ్చే ముందురోజే చెబుతుంది. అలసిపోయాను, దాచుకోవడం ఎందుకు. కానీ ఆ మొదటి పొద్దు జీపు కింద పడి ఉన్న ఆ ముప్పై ఏళ్లవాడు అప్పుడప్పుడు కళ్లకి కడతాడు. గుండెల మీద గేరుబాక్సు, చెవుల్లోకి ఆయిలు, రెండు చేతులతో దాన్ని చంటిబిడ్డలా పొదువుకుని పళ్లికిలిస్తున్నాడు. ఒరే, నీ నడుము పోతుందిరా, పక్కకి దింపు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. ఇంకాసేపు ఉంచుకుంటాను అంటాడు.