మొద్దుబారిన గడ్డం

మా అక్క పంతొమ్మిదేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచింది. అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. "బిడ్డను బెంచీ మీద వదిలేసి టీకి వెళ్లిన తండ్రిగారూ, తమరి కోసం తమరి బిడ్డ ఏడుస్తోంది" అని ఆమె చెబితే బస్టాండంతా నవ్వేది. అక్కా నేనూ ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం.

ఒకరోజు టీ గడ్డం మీదుగా కారి ఆమె బట్టలు తడిశాయి. ఆమెకు తెలియనే లేదు.

"ఏంటక్కా, చిన్నపిల్లలా?" అని నవ్వాను.

అక్క గడ్డం గిల్లుకుంది. "ఇది నా ఒళ్లు కాదే. పన్ను పీకేముందు సూదేస్తారు చూడు, అలా ఉంది. సూది మాత్రం ఎవరూ వెయ్యలేదు."

పళ్ల డాక్టరు తప్పంతా జ్ఞానదంతం మీదికి నెట్టి దాన్ని పీకేశాడు. గడ్డం మొద్దుబారడం తగ్గలేదు. రెండు వారాల తర్వాత అక్క మైకులో మాట్లాడుతూ కింది పెదవి కొరుక్కుంది. నెత్తురు కారుతున్నా బస్సులు పిలుస్తూనే ఉంది. మైకు గది అద్దంలోంచి చూసిన బస్టాండు కంట్రోలరు పరుగున వచ్చి మైకు కట్టేశాడు.

పెద్దాసుపత్రిలో దవడకు స్కాను తీశారు. డాక్టరమ్మ దాన్ని చూసి, అక్కను తెర వెనక్కి తీసుకెళ్లి రొమ్ములు పరీక్షించింది. శనగగింజంత గడ్డ దొరికింది. దాని ముక్క పరీక్షకు పంపి, ఒళ్లంతా స్కాను తీయించి, ఫలితాలు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"క్యాన్సర్ రొమ్ములో పుట్టి దవడ ఎముకలోకి పాకిందమ్మా. నరాన్ని నొక్కుతోంది. వెన్నులోనూ ఉంది."

"నాకేం నొప్పి లేదే" అంది అక్క, పొరపాటు డాక్టరమ్మదే అన్నట్టు.

మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, మొద్దు పోలేదు. నాలుగో నెలలో నానబెట్టిన రొట్టె నములుతుంటే దవడ విరిగింది. అప్పటినుంచి ఏం కావాలన్నా కాగితం మీద రాసేది. ఒకసారి "నువ్వు నవ్వినందుకు కోపం లేదు" అని రాసిచ్చింది. నేను అడగలేదు. అడగలేకపోతున్నానని ఆమెకు తెలిసిపోయినట్టుంది.

చివరికి పెన్ను పట్టుకోవడం కూడా కష్టమైంది. ఏడో నెలలో, ఒక మధ్యాహ్నం, నేను దుప్పటి మారుస్తుండగా పోయింది.

అక్కచెల్లెళ్లం కాబట్టి నన్నూ పరీక్ష చేయించుకోమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. రెండుసార్లు ఆసుపత్రి గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను.