కిటికీ షట్టరు

రామగుండంలో రైలెక్కి నా ఎదురుగా కూర్చున్న గని కార్మికుడు, ఒక చెయ్యి ఎత్తి కిటికీ పైభాగానికి ఆనించి, ఓడిపోయిన తమ ఫుట్‌బాల్ జట్టును తిట్టడం మొదలుపెట్టాడు.

“గోలు కొట్టుడు రాదు, ఆపుడు రాదు! అందరు ముంగటికే ఉరికితే ఎట్లన్నా? బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పుకు సపోర్టు పెట్టమా? ఎన్క ఒక్కడన్న ఉండద్దా?”

“మరి చూడడం మానెయ్యరాదూ?” అన్నాను విసుగ్గా.

“మా పోరగాండ్లు గదన్నా, ఎట్ల ఇడిచిపెడత?”

బెల్లంపల్లిలో లేస్తూ, కిటికీ అంచున పెట్టిన నా మోచేతిని మెల్లగా పక్కకు జరిపాడు. అతను చెయ్యి తియ్యగానే ఇనుప షట్టరు దభాలున కిందికి పడింది. దారిపొడవునా దాన్ని పట్టి ఆపాడని అప్పుడు తెలిసింది.

ఫుట్‌బాల్ నాకిప్పటికీ అర్థం కాదు. ఎక్కడైనా ఆట కనిపిస్తే మాత్రం, వెనక నిలబడ్డవాళ్ళనే చూస్తుంటాను.