రాజీ కుదిరాక టీ

ఎమ్మిగనూరులో కాలువ నీళ్ల వంతు కోసం ఎవరు కొట్లాడినా మా మామే తీర్పరి. రాజీ కుదరగానే ఇద్దరినీ హోటల్‌కు తీసుకుపోయి ‘బైటూ’ చెప్పేవాడు. ఒక టీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసిచ్చేవాళ్లు. నిండు గ్లాసులు తెప్పించమంటే ఒప్పుకునేవాడు కాదు.

"రాజీ అంటే ఇద్దురికీ రోంత తక్కువ కావాలప్పా. ఒగనికి నిండితే అది గెలుపు" అనేవాడు.

పోయిన ఎండాకాలం ఆ ఊరికి వెళితే మామ హోటల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బల్ల మీద మాత్రం రెండు సగం గ్లాసులున్నాయి. ఎదురుగా కూర్చున్నాను.

"ఎవరన్నా వస్తాండారా మామా?"

"ఎవురూ రారప్పా. తోరణగల్లుకి, కూతురు తావుకి పోదామనె మీయత్త. మడీ సేనూ ఇడ్సి నేను రానంటి. పోట్లాడి పోట్లాడి రాజీ అయినాం. ఆమె ఆడ, నేను ఈడ."

తన గ్లాసు తాగేశాడు. రెండోది నన్ను తాగమనలేదు. దాని మీద మీగడ కట్టేదాకా చూస్తూ కూర్చున్నాడు. చల్లారిపోయాక దగ్గరికి లాక్కుని, అదీ ఆయనే తాగాడు.